కింది పిన్ను ముందు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇలా మొదలుపెట్టిన ప్రతివాడూ ఆ వెంటనే ఒక దయ్యం కథ చెబుతాడని నాకు తెలుసు, అందుకే ఈ మాట రాయడానికి కూడా చిరాకుగా ఉంది. నేను చెప్పబోయే దాంట్లో తెల్లచీర లేదు, కాలి అందెల చప్పుడు లేదు. ఒక బాత్రూమ్ ఉంది, ఒక ఓడ ఉంది. రెండు చోట్లా నేనే ఉన్నాను.

మాది విజయవాడ. కువైత్‌లో, అహ్మదిలో, ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాను. పైపుల్లో ఒత్తిడి ఎంత, వేడి ఎంత అని చూపించే మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. మనిషి ఒకటి చెప్పి మీటరు ఇంకోటి చెబితే నేను మీటరునే నమ్ముతాను. దీనికి మా ఆవిడ శిరీష నన్ను ఎప్పుడూ ఏడిపిస్తూనే ఉంటుంది. "నుదురు కాలిపోతుందండీ బాబూ అన్నా, థర్మామీటరు పెట్టేదాకా మీకు జొరం కాదు కదా" అంటుంది. నిజమే, కాదు.

మేం మహబూలాలో ఒక ఫ్లాటులో ఉంటాం. నేను, శిరీష, మా అమ్మాయి ధాత్రి. ధాత్రికి ఏడేళ్ళు. శిరీషది రాజమండ్రి. చిన్నప్పుడు గోదావరి మీద లాంచీలో తిరిగిన ముచ్చట్లు చెప్పి చెప్పి పిల్లకి పడవల పిచ్చి ఎక్కించింది. ఈసారి సెలవులకి జపాన్ వెళ్దాం అనుకున్నప్పుడు ధాత్రి పెట్టిన షరతు ఒక్కటే. విమానంలో పడుకుంది, రైల్లో పడుకుంది, ఇంక ఓడలో పడుకోవాలి.

ఒసాకాలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి క్యూషూ అనే దీవికి చేర్చే ఫెర్రీలు ఉన్నాయి. చూసి చూసి రెండు ఓడలు మిగుల్చుకున్నాం. ఒకటి కొత్తది. మంచాలు, గదిలోనే బాత్రూము, అన్నీ హోటల్లోలాగే. రెండోది పాతది. గదిలో మంచాలుండవు, తాటామి అనే గడ్డి చాపలు పరిచి ఉంటాయి, మూల పెట్టిన పరుపులు మనమే వేసుకుని పడుకోవాలి. నేను కొత్తది అన్నాను. శిరీష పాతది అంది. "ముగ్గురం కింద పక్కపక్కనే పడుకోవచ్చు కదండీ, మా అమ్మమ్మగారింట్లో పడుకున్నట్టు" అని ఆవిడ వాదన. మోకాళ్ళ నొప్పి వచ్చేది నాకు కదా అని నా వాదన.

ఇది తేలకుండానే వేసవి వచ్చింది. స్కూళ్ళు మూయగానే ఇక్కడి కుటుంబాలవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని ఇండియా పంపేస్తారు, మగాళ్ళం మిగిలిపోతాం. శిరీష కూడా ఫ్రిజ్ నిండా డబ్బాలు సర్దిపెట్టి, పిల్లని తీసుకుని విజయవాడ వెళ్ళింది. వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోన్‌లో గడువు పెట్టింది. "శుక్రవారం సాయంత్రానికల్లా ఏ ఓడో తేల్చెయ్యండి, లేకపోతే నేనే బుక్ చేసేస్తాను" అంది.

ఆ శుక్రవారం జరిగింది ఇది.

అప్పటికి ముందురోజు మా వీధి తలుపు హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. కింద హారిస్‌కి, అంటే మా బిల్డింగ్ వాచ్‌మన్‌కి చెప్తే "బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఇక్కడ ఎవరికీ తెలియదు. నాకు పనిముట్లు పట్టుకోవడం వచ్చు కాబట్టి నేనే బాత్రూమ్ తలుపు హ్యాండిల్స్ రెండూ, మధ్యలో ఉండే ఇనప కడ్డీతో సహా పీకి వీధి తలుపుకి బిగించాను. బాత్రూమ్ తలుపుకి చదరపు కన్నం మిగిలింది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే, ఆ తలుపు ఎవరిని చూసి వేసుకోవాలి? ఇలాంటి తెలివి పెళ్ళాం ఇంట్లో ఉంటే పుట్టదు.

శుక్రవారం పొద్దున టీవీలో ఆ పాత ఓడ వీడియో పెట్టాను. ఎవరో ప్రయాణం మొత్తం, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, గంటల తరబడి తీశారు. ఇంజన్ మోతకి నిద్ర పడుతుందో లేదో వినడమే కదా కావలసింది అని సౌండు పెంచి స్నానానికి వెళ్ళాను. తలుపు ఓరగా వదిలాను. ఒంటి నిండా సబ్బు రాసుకున్నాక పంపు నీళ్ళు ఆగిపోయాయి. శుక్రవారం నమాజుకి ముందు బిల్డింగంతా స్నానాలు చేస్తుంది, పై ట్యాంకు ఖాళీ అవడం మామూలే. తిట్టుకుంటూ తువ్వాలు అందుకోబోతుంటే హాల్లో ఏసీ గాలి తోసిందో, బాత్రూమ్ ఫ్యాను లాగిందో, నా వెనక తలుపు ధడాలున మూసుకుంది. గడియ టక్కున పడింది.

మొదట నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు ఉండలేదు.

ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది, భుజంతో గుద్దినా బయటికి పోదు. లాగుదామంటే పట్టు లేదు. కన్నంలో టూత్‌బ్రష్ కాడ దూర్చి తిప్పితే అది పుటుక్కున విరిగింది. ఫోను హాల్లో. కిటికీ లేదు, ఫ్యాను కన్నం ఒక్కటే. అది తెరుచుకునేది బిల్డింగ్ మధ్య ఉన్న సందులోకి, ఆ సందు నిండా అందరి ఏసీ మిషన్ల హోరు. అరిచాను. నా అరుపు నాకే సరిగ్గా వినబడలేదు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. ఇక్కడ సెలవు శుక్ర, శని. నేను లేనని గమనించే మొదటి మనిషి ఆదివారం పొద్దున అహ్మది బస్సు నడిపే ఖాదర్. రాయచోటి మనిషి, మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తులో ఉంటాడు. శిరీష ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే నిద్రపోతున్నాననుకుంటుంది. ఆదివారం దాకా ఏసీ లేని బాత్రూమ్‌లో, ఆ వేడిలో, నీళ్ళు లేకుండా, మనిషి ఉండడు. ఈ సంగతి నాకు మీటరు చూడకుండానే అర్థమైంది. భయం వేసింది. బాగా భయం వేసింది.

కన్నానికి కన్ను పెడితే హాలు గోడ కొంచెం కనిపిస్తుంది. వేసవి కదా, కర్టెన్లన్నీ మూసే ఉంటాయి. చీకటి గోడ మీద టీవీ వెలుగు నీలంగా కదులుతోంది. ఓడ ఇంజన్ మోత వినిపిస్తోంది. అప్పుడప్పుడు గంట మోగినట్టు నాలుగు స్వరాలు, తర్వాత ఒకామె జపాన్ భాషలో ఏదో చెప్పడం.

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒంటి మీద సబ్బు ఎండి చర్మం బిగుసుకుంది. తల తిరగడం మొదలైంది. తలుపు కింద సందులోంచి హాల్లో ఏసీ గాలి సన్నగా వస్తోంది. నేల మీద పడుకుని, నోరు ఆ సందుకి ఆనించి పీల్చుకున్నాను. చేతిలో ప్లాస్టిక్ మగ్గు ఉంది. దాంతో తలుపు మీద కొడుతూ ఉన్నాను. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. మా పనిలో పైపు అవతలి చివర ఉన్నవాడికి "నేనిక్కడున్నాను" అని చెప్పాలంటే అలాగే కొడతాం. ఎవరు వింటారని కొట్టానో నాకే తెలియదు.

ఒకసారి లేచి మళ్ళీ కన్నంలోంచి చూశాను. గోడ మీద నీలం వెలుగు లేదు. హాలు చీకటిగా ఉంది. ఓడ మోత మాత్రం వస్తూనే ఉంది. ఆ రెండూ కలవడం లేదని నాకు అప్పుడు తట్టలేదు. మళ్ళీ కింద పడుకుని కొట్టాను. రెండు, ఆగి ఒకటి.

అవతల నుంచి జవాబు వచ్చింది. రెండు. ఆగి ఒకటి.

అది చెక్క మీద కొట్టిన చప్పుడు కాదు, ఇనుము మీద కొట్టింది. తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు, తెలుగులో. "ఎవరో ఉన్నారు నాన్నా లోపల."

అది ధాత్రి గొంతు. పిల్ల విజయవాడలో ఉందని నాకు తెలుసు. నా తల పనిచెయ్యడం ఆగిపోతోంది, పిల్ల మీద బెంగతో ఇలా వినిపిస్తోంది అనుకున్నాను. ఏడుపొచ్చింది. అంతలో మళ్ళీ అంది. "పాపం, ఆయన దగ్గర నీళ్ళున్నాయా?"

కాసేపు ఏమీ లేదు. ఇంజన్ మోత ఒక్కటే. తర్వాత ఒక మగ గొంతు, తెలుగే. ఎక్కడో విన్నట్టుంది కానీ ఎవరిదో పోల్చుకోలేకపోయాను. ఆ మనిషి కూడా భయపడుతున్నట్టు ఆగి ఆగి మాట్లాడాడు. "గడియ జోలికి పోకు. బందుల వైపు రా. కింది పిన్ను ముందు."

వెంటనే గంట స్వరాలు మోగాయి. జపాన్ ఆమె మాట్లాడింది.

నేను లేచి కూర్చున్నాను. నీళ్ళు. నా నెత్తి మీద గీజరు ఉంది. ఇక్కడ వేసవిలో చన్నీళ్ళ పంపు తిప్పితే కాగిన నీళ్ళొస్తాయి, అందుకని గీజరు స్విచ్చి ఆపేసి, దాంట్లో నిల్వ ఉన్న నీళ్ళు వాడుకుంటాం. ట్యాంకు ఖాళీ అయి పంపులో రాకపోయినా గీజరు కడుపులో నీళ్ళు అలాగే ఉంటాయి. కింద ఉన్న చిన్న వాల్వు ఎత్తితే కారతాయి. నా ఉద్యోగమే వాల్వులతో, అయినా ఆ క్షణం దాకా అది నా బుర్రకి తట్టలేదు. మగ్గు పట్టి తుప్పు వాసన కొట్టే ఆ నీళ్ళు కడుపు నిండా తాగాను, తల మీద పోసుకున్నాను.

తర్వాత బందులు, తలుపుని చట్రానికి పట్టి ఉంచేవి. తలుపు లోపలికి తెరుచుకునేది కాబట్టి బందుల పిన్నులు నా వైపే ఉన్నాయి. ఇంతసేపూ వాటిని చూస్తూనే ఉన్నాను, చూడలేదు. నేల మీది జాలీ పీకి సుత్తిగా పెట్టుకుని, షేవింగ్ రేజరు స్టీలు కాడ పిన్ను కింద ఆనించి కొట్టాను. కింది పిన్ను ముందు. పైది ముందు తీస్తే తలుపు బరువు వాలిపోయి కిందిది ఇరుక్కుంటుంది, నాలాంటివాడు కంగారులో చేసేది సరిగ్గా అదే. చేతులు చీరుకుపోయాయి. పిన్నులు వచ్చాయి. తలుపు బందుల వైపు నుంచి లాగితే ఊడింది.

అది ఊడిన క్షణంలో ఇంజన్ మోత ఆగిపోయింది.

హాలు నిశ్శబ్దంగా ఉంది. టీవీ ఆగిపోయి ఉంది. రిమోట్ నొక్కితే, మీరు ఇంకా చూస్తున్నారా అని అడిగే బొమ్మ వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కకపోతే కాసేపటికి అది అలా అడిగి తనంతట తానే ఆగిపోతుంది. ఎప్పుడు ఆగిందో తెలియదు. గోడ మీద వెలుగు పోయినప్పుడే ఆగి ఉండాలి. మరి ఆ తర్వాత నేను విన్న మోత ఎక్కడిది?

కింద ఖాదర్‌కి ఫోన్ చేశాను. లబన్ సీసాలు, అంటే ఇక్కడి మజ్జిగ, చంకలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఊడిన తలుపు చూశాడు, నన్ను చూశాడు.

"ఏందన్నా ఇది, మాకొక కేక ఎయ్యకూడదా?" అన్నాడు.

వేశానన్నాను. గొంతుల సంగతి కూడా చెప్పాను. అతను నవ్వలేదు, అది మంచితనం. "ఒంట్లో నీళ్ళు లేకుంటే అట్లనే ఇనపడతాదిలే అన్నా. మా మామకి ఎడారిలో లారీ చెడిపోయినప్పుడు వాళ్ళమ్మ పిలిచినట్టు ఇనపడినంట. యల్లా, ముందు ఇది తాగు, ఆస్పత్రికి పోదాం" అన్నాడు. ఆస్పత్రిలో సెలైను పెట్టారు. ఖాదర్ చెప్పిందే నిజమనుకున్నాను. అనుకోవాలని గట్టిగా అనుకున్నాను.

శిరీషకి తలుపు సంగతి చెప్పాను, గొంతుల సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రమే కొత్త ఓడ బుక్ చేసేశాను. పాత ఓడ పేరు వింటేనే నాకు ఆ సబ్బు ఎండిన బిగుతు గుర్తొచ్చేది. ఆవిడ అలిగింది, ఒక పూట మాట్లాడలేదు. నేను తగ్గలేదు.

కానీ మేం ఉండేది కువైత్‌లో. ఇప్పుడు దేశం దాటాలంటే కంపెనీ ఒప్పుకుని ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. శిరీష, పిల్ల తిరిగొచ్చాక, సరిగ్గా బయల్దేరే ముందు ప్లాంటులో ఏదో పని అడ్డుపడి మా మేనేజరు నా పర్మిట్ మీద కూర్చున్నాడు. అడిగినప్పుడల్లా చూద్దాం అన్నాడు. టికెట్లున్నాయి, వీసాలున్నాయి, సూట్‌కేసులు కట్టి ఉన్నాయి, గేటు మాత్రం ఇంకొకడి చేతిలో ఉంది. చివరికి ఇచ్చాడు, ఒక రోజు ఆలస్యంగా. విమానం మార్చాం. కొత్త ఓడలో ఆ మర్నాటికి చోటు లేదు. పాత ఓడలో ఒకే ఒక్క తాటామి గది ఉంది.

రైల్లో పోదాం అన్నాను. ధాత్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓడ కోసమే కదండీ ఇంత దూరం వెళ్తున్నాం, మీకేమైంది?" అంది శిరీష. బుక్ చేశాను.

గదిలోకి వెళ్ళగానే నేను చేసిన మొదటి పని తలుపు హ్యాండిల్ పదిసార్లు తిప్పి చూడటం. శిరీష నవ్వింది. రెండో పని చుట్టూ చూడటం. చెప్పుల గూటి పక్కన గోడలో సన్నటి ఇనప తలుపు ఒకటి ఉంది. లేత పసుపు రంగు వేశారు. దానికి హ్యాండిల్ లేదు. చదరపు కన్నం ఉంది.

మా వృత్తిలో అలాంటివి రోజూ చూస్తాను. పైపులు వెళ్ళే సందుకి వేసిన తలుపు, చదరపు తాళంచెవితో తెరుస్తారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి దానివైపు వీపు పెట్టి పడుకోలేకపోయాను. ఏమీ జరగలేదు. ధాత్రి మా ఇద్దరి మధ్య హాయిగా పడుకుంది.

పొద్దున గది నిండా ఎండ. శిరీష ఓడలోని స్నానాల గదికి వెళ్ళింది. ధాత్రి కిటికీ దగ్గర కూర్చుని అన్నం ముద్ద లాంటిది తింటోంది. గండం గడిచింది అనుకుని పరుపులు మడుస్తున్నాను.

ఇనప తలుపు అవతల చప్పుడైంది. రెండు. ఆగి ఒకటి.

నీళ్ళ పైపులు అలా కొట్టుకోవడం మామూలే అని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ వచ్చింది. రెండు, ఆగి ఒకటి. పైపు కొట్టుకునే చప్పుడు కాదు. బరువు లేని దేనితోనో, ఓపిక లేని చెయ్యి కొడుతున్న చప్పుడు. నేను వెళ్ళి జవాబు కొట్టాను. కొట్టాలని అనుకోలేదు, అలవాటైన చెయ్యి కొట్టేసింది.

"ఎవరో ఉన్నారు నాన్నా లోపల" అంది ధాత్రి.

నేను వెనక్కి తిరగలేదు. తర్వాత ఏం అంటుందో నాకు తెలుసు. అనకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. నా జీవితంలో అలా వేడుకోవడం అదే మొదటిసారి.

"పాపం, ఆయన దగ్గర నీళ్ళున్నాయా?"

ఆ పిల్లకి నేను బాత్రూమ్‌లో ఇరుక్కున్న సంగతి కూడా తెలియదు. భయపడుతుందని శిరీష చెప్పనివ్వలేదు.

ఇప్పుడు నేను మాట్లాడాలి. మాట్లాడకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. అవతల పైపులే ఉండొచ్చు. లేదా గీజరు నీళ్ళ సంగతి తలకి తట్టని ఒక మనిషి, నేల మీద పడుకుని, నోరు తలుపు సందుకి ఆనించి, వింటూ ఉండొచ్చు. గంట స్వరాలు ఇంకా మోగలేదు. అవి మోగేలోపే చెప్పాలని నాకు తెలుసు.

మోకాళ్ళ మీద కూర్చుని, చదరపు కన్నం దగ్గర నోరు పెట్టాను.

"గడియ జోలికి పోకు" అన్నాను. "బందుల వైపు రా. కింది పిన్ను ముందు."

గంట స్వరాలు మోగాయి. ఒకామె జపాన్ భాషలో రేవు దగ్గరపడిందని కాబోలు చెప్పింది. అవతల చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

ఓడ సిబ్బందిలో ఒకతన్ని పిలిచి, సైగలతో, ఫోన్‌లో అనువాదంతో బతిమాలి ఆ తలుపు తెరిపించాను. మర్యాదగా తెరిచాడు. లోపల పైపులు. మనిషి కాదు కదా, పిల్లి కూడా పట్టదు. వేడిగాలి మాత్రం గుప్పున ముఖానికి కొట్టింది. పైపుల సందులో వేడి ఉండటం వింత కాదు, అది నేనే ఒప్పుకుంటాను.

ఇంటికొచ్చాక ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసుకుని విన్నాను. రికార్డులో మన గొంతు మనకి ఎప్పుడూ పరాయిగానే వినిపిస్తుంది. ఆ శుక్రవారం విన్నది అదే గొంతు. ఆ వీడియో కూడా మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అందులో తెలుగు మాట ఒక్కటి లేదు.

నాకు అర్థం కానిది ఇంకోటుంది. కింది పిన్ను సంగతి నాకు అవతలివాడు చెప్పాడు. ఓడలో నేను చెప్పింది, అతను నాకు చెప్పిన మాటే. అలాగైతే ఆ మాట మొదట అనుకున్నది ఎవరు? దీన్ని ఏ మీటరుతో చూడాలో నాకు తెలియదు.

శిరీషకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ ప్రయాణం ఫొటోలు చూసినప్పుడల్లా ఆవిడ నన్ను దెప్పుతుంది. "మొదట్నుంచీ మొత్తుకున్నానా లేదా, పాత ఓడే మంచిదని? మీరేమో కొత్తదే కావాలని పట్టుబట్టారు." అవును, నీదే రైటు అంటాను. ఆవిడ సంబరపడుతుంది.

నేను మాత్రం ఆ పర్మిట్ ఒక రోజు ముందే వచ్చి ఉంటే అని ఆలోచిస్తాను. మేం కొత్త ఓడే ఎక్కి ఉండేవాళ్ళం. పాత ఓడలో ఆ గది ఖాళీగా ఉండేది. ఆ పొద్దున ఇనప తలుపు మీద ఎవరో కొట్టి ఉండేవారు, రెండు, ఆగి ఒకటి.